చలికాలమున మోటారు సైకిలు సవారి – భయము

నిజామాబాదు పట్టణమునకు పూర్వనామము ఇందూరు. ఆ పట్టణమున నీలకంఠేశ్వరాలయము కలదు. ఆ స్వామి పేరనే మా పేట కంఠేశ్వర్ అని పిలువబడుచున్నది. మార్గశిరము వచ్చినది మొదలు మాఘమున రథసప్తమి వఱకు ఈ పేట వీథులలో తెల్లవాఱక మునుపే మోటారు సైకిళ్ళ చప్పుడు వినవచ్చును. పాలు తెచ్చువారు, కూరగాయలు మార్కెట్టునకు చేర్చువారు, బోధనుకును ఆర్మూరునకును నవీపేటకును ఉద్యోగములకై పోవువారు, రాత్రి పని ముగించుకొని ఇల్లు చేరువారు, అందఱును ఆ వేళనే బాటపై నుందురు. వీరిలో పెక్కుమందికి వేఱు వాహనము లేదు. బస్సు వచ్చు వేళ వారి పని వేళకు పొసగదు. చలి యని ఇంట కూర్చుండినచో నాటి కూలి పోవును. కావున లోలోపల భయపడుచునే బయలుదేఱుదురు. అడిగినచో "భయమేమి, అలవాటే" అని నవ్వుదురు. ఆ నవ్వు వెనుకనున్న భయమును గూర్చి నేడు కొన్ని మాటలు చెప్పదలచితిని.

మన పెద్దలు భ్రాంతికి దృష్టాంతముగా తాడును చూచి పామనుకొనిన వాని కథ చెప్పుదురు. వేదాంతమునకు ఆ యొక్క పొరపాటు చాలును. బాటపై పోవు వానికి మాత్రము రెండు పొరపాటులు కలవు. తాడును పామనుకొనుట మొదటిది. పామును తాడనుకొనుట రెండవది. మొదటిది మనుష్యుని కదలనీయదు. రెండవది ప్రాణము తీయును. ధైర్యమనగా భయము లేకుండుట యని సామాన్యముగా తలంతురు. నాకట్లు తోచదు. దీపము తెచ్చి, ఇది పాము, ఇది తాడు అని వేఱుపఱచుకొనగలుగుటయే ధైర్యము. పామైనచో తప్పుకొనవలెను; తాడైనచో దాటవలెను. ముందుగా పాములను గూర్చి చెప్పెదను.

మొదటిది పొగమంచు. నిజాంసాగరపు కట్టడము 1923లో మొదలై 1931లో ముగిసినది. నాటినుండి మంజీరా నీరు కాలువల వెంబడి బోధను పొలములకు వచ్చుచున్నది. ఆ నీటివలన చెఱకు, ఆ చెఱకువలన 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము, దాని చుట్టు శక్కర్‌నగర్ వెలసినవి. కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. కాని నీరు పాఱిన నేల, వరి మడులు, చెఱువులు అట్లే యున్నవి. నిజామాబాదునుండి బోధనుకు సుమారు 25 కిలోమీటర్ల బాట. జానకంపేట వద్ద అశోకసాగరము, ఎడపల్లి వైపున అలీసాగరము ఆ బాటకు చేరువలో నున్నవి. మబ్బులేని చలికాలపు రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు విడిచి చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడి, అందలి తేమ సన్నని నీటిబొట్లుగా మాఱి నిలుచును. అదియే పొగమంచు. గాలి కదలనిచోట, పల్లమున, నీటి ప్రక్కన, తడి పొలము ప్రక్కన అది చిక్కబడును. అందుచేతనే మెరక మీద నిర్మలముగా నున్న బాట వంతెన దగ్గఱకు దిగగానే తెల్లని గోడవలె అగపడును. సూర్యోదయమునకు కొంచెము ముందును వెనుకను అది మిక్కిలి దట్టము. ఎండ పొడిచి నేల వెచ్చబడిన కొలది విచ్చిపోవును.

ఈ మంచులో ఎంత వేగమున పోవచ్చును? దీనికి ధైర్యముతో పనిలేదు, లెక్కతోనే పని. అడ్డు కనబడిన పిమ్మట దానిని గుర్తించి బ్రేకు నొక్కుటకు ఒక సెకండు పట్టుననుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఆ యొక్క సెకండులోనే 17 మీటర్లు ముందునకు పోవును. పొడి బాటపై బ్రేకు చక్కగా పట్టినను నిలుచుటకు ఇంకొక 23 మీటర్లు కావలెను. మొత్తము 40 మీటర్లు. 40 కిలోమీటర్ల వేగమున ఈ మొత్తము సుమారు 21 మీటర్లు. 30 కిలోమీటర్ల వేగమున 14 మీటర్లు. మంచులో 30 మీటర్ల దూరమే కనబడుచున్నచో, 60 వేగమున పోవువాడు తాను చూడని చోటునకు పోవుచున్నాడన్నమాట. కనబడు దూరములో సగము లోపల నిలువగల వేగమే తగిన వేగము. మిగిలిన సగము ఎదుట వచ్చువానిది. అప్పుడు దీపమును డిమ్ములోనే ఉంచవలెను. పెద్ద వెలుగు వేసినచో అది మంచు బొట్లపై బడి తిరిగి మన కన్నులనే కప్పును.

రెండవ పాము బాటమీదనే పరుండియుండును. వానకాలపు వరి కోతలు ముగియు దినములలో మా వైపున వడ్లను బాటమీదనే ఆఱబోయుదురు. సాయంకాలము వానిని కుప్పగా చేసి, మంచు తగులకుండ నల్లని టార్పాలిను కప్పి, అది ఎగిరిపోకుండ చుట్టును రాళ్ళు పేర్చుదురు. నల్లని బాట, నల్లని కప్పు, చీకటి. దీపపు వెలుగును నలుపు త్రాగివేయును. దగ్గఱకు వచ్చువఱకు కుప్ప కనబడదు. వడ్ల గింజలపై చక్రము గోలీలపై బడినట్లు జాఱును. దీనికి రైతును తిట్టి ప్రయోజనము లేదు. కల్లము లేనివాడు, ధాన్యపు తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రమున తూకము కానివాడు, ఎచట ఆఱబోయును? కాని రైతులకు ఒక మనవి. కుప్పకు ముందు వెనుకల ఒక తెల్లని సంచి పఱచుడు, లేదా వెలుగు తగులగానే మెఱయు పట్టీ కట్టిన ఒక కఱ్ఱ నాటుడు. రాళ్ళు మాని ఇసుక మూటలు పెట్టుడు. ఈ మాటయే ట్రాక్టరు నడుపువారికిని. చెఱకో వడ్లో నింపిన ట్రాలీ వెనుక ఎఱ్ఱదీపము వెలుగనిచో అది మంచులో నిలిచిన గోడతో సమానము. పది రూపాయల ఎఱ్ఱపట్టీ ఒక యింటి దీపమును నిలుపగలదు.

మూడవది చలియే. చలి బయట నుండుననుకొందుము గాని అది చేతిలోనికి వచ్చి కూర్చుండును. గాలి 10 డిగ్రీలున్నపుడు 60 కిలోమీటర్ల వేగమున పోవువాని ఒడలికి ఆ గాలి సుమారు 5 డిగ్రీల చలివలె తగులునని వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్క. వ్రేళ్ళ చర్మపు వేడిమి 15 డిగ్రీల దరిదాపులకు దిగినచో వ్రేళ్ళ నేర్పు తగ్గును. బ్రేకు పిడిని ఎంత నొక్కితిమో చేతికి తెలియదు. చేతి తొడుగులు సోకుకొఱకు కావు. తొడుగులు లేనివాడు అయిదాఱు కిలోమీటర్లకొకమాఱు నిలిచి, ఇంజనుకు దగ్గఱగా చేతులు కాచుకొని పోవుట మేలు. చొక్కాకును స్వెట్టరుకును నడుమ ఱొమ్మున ఒక వార్తాపత్రిక మడిచి పెట్టుకొనుట మా వైపు పాలవారి పాత ఉపాయము. గాలిని ఆపుటలో అది చలికోటునకు తీసిపోదు. శాలువ కప్పుకొని బండి ఎక్కువారు దాని కొసలను లోనికి దోపుకొనవలెను. వెనుక కూర్చుండు స్త్రీల చీర కొంగునకును చున్నీకిని ఇదియే వర్తించును. చక్రమునకు గుడ్డ చిక్కినచో నిమిషములో ఆపద కలుగును. కోతి టోపీ మీద హెల్మెట్టు పెట్టుకొనువారు అది తలకు బిగువుగా కూర్చుండినదో లేదో చూచుకొనవలెను. మన ఊపిరి తేమ చల్లని హెల్మెట్టు అద్దముపై బడి మసక కమ్మును. అద్దమును వ్రేలెడు తెఱచి యుంచినచో మసక పోవును.

నాలుగవది టైరు. గాలి చల్లబడినచో టైరులోని ఒత్తిడి తగ్గును. సుమారు 5, 6 డిగ్రీలకు ఒక పౌను చొప్పున తగ్గును. మధ్యాహ్నపు ఎండలో 30 డిగ్రీలప్పుడు గాలి కొట్టించిన టైరు తెల్లవాఱుజామున 12 డిగ్రీలప్పుడు మూడు పౌనులు తక్కువ చూపును. పైగా చల్లని రబ్బరు మొదటి కొన్ని కిలోమీటర్లు బాటను గట్టిగా పట్టుకొనదు. మంచు తడిసిన దుమ్ము సన్నని బురద యగును. కావున బయలుదేఱిన కొత్తలో వంపులయందు నెమ్మదియే శరణ్యము. మన దేశమున 2019 ఏప్రిలునుండి 125 సీసీలకు మించిన కొత్త మోటారు సైకిళ్ళకు చక్రము బిగిసిపోకుండ కాపాడు ఎ.బి.ఎస్. బ్రేకు తప్పనిసరి చేయబడినది. అది మంచి సాయమే. కాని అది చక్రము జాఱకుండ చూచును గాని, లేని దూరమును కల్పింపజాలదు.

ఇవి నిజమైన పాములు. వీనిని చూచి భయపడుట పిరికితనము కాదు, వివేకము. ఇక భయము మన శరీరమునకు ఏమి చేయునో చూతము.

హార్వర్డు విశ్వవిద్యాలయమునందలి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు వాల్టరు కానన్ భయక్రోధములవలన శరీరమున కలుగు మార్పులను గూర్చి 1915లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆపద తోచగానే ప్రాణి పోరాడుటకో పాఱిపోవుటకో సిద్ధమగుననియు, గుండె వేగముగా కొట్టుకొని రక్తము కండరములకు ప్రవహించుననియు ఆయన వివరించెను. అడవిలో పులి ఎదుటపడినవానికి ఈ యేర్పాటు ఉపకారమే. మోటారు సైకిలుపై కూర్చున్నవానికి మాత్రము ఇది చిక్కు తెచ్చును. అతడు పోరాడజాలడు, పరుగెత్తజాలడు. బిగిసిన కండరములతో హాండిలును మాత్రము గట్టిగా పట్టుకొనును.

హాండిలు బిగబట్టినచో నష్టమేమి? విమానము కనిపెట్టిన రైటు సోదరులు సైకిళ్ళు చేసి అమ్మినవారు. వారిలో పెద్దవాడగు విల్బరు పెక్కుమంది సైకిలు త్రొక్కువారిని "ఎడమకు తిరుగునపుడు మీరేమి చేయుదురు?" అని అడిగిచూచెను. మొదట హాండిలును ఒకింత కుడికి త్రిప్పుదుమని ఒక్కరును చెప్పలేకపోయిరి. ఆ కొంచెపు త్రిప్పుటవలననే బండి ఎడమకు ఒరిగి, పిమ్మట ఎడమకు తిరుగును. వేగమున పోవు మోటారు సైకిలుకును ఇదియే ధర్మము. మనకు తెలియకుండనే మన చేతులు ఈ సూక్ష్మమైన పనిని చేయుచుండును. భయముతో మోచేతులు కఱ్ఱలైనచో ఆ పని సాగదు; బండి తిరుగనని మొఱాయించినట్లు తోచును; తోచగానే భయము ఇబ్బడియగును. చూపును అంతే. భయపడినవాని కన్ను ఏ గుంతను చూచి బెదరినదో దానినే అంటిపెట్టుకొని యుండును. చూపెటో బండి అటే పోవును. కావున గుంతను ఒకమాఱు చూచి, వెంటనే దాని ప్రక్కనున్న మంచి దారిని చూడవలెను. దవడ సడలించి, భుజములు దించి, నోటితో నెమ్మదిగా ఊపిరి విడిచినచో మోచేతులు తామే సడలును.

చలికాలమున ఇంకొక మోసము కూడ కలదు. చలివలన ఒడలు వణకును, పండ్లు కఱచుకొనును, భుజములు ముడుచుకొనును. భయము కలిగినను ఇంచుమించు ఇట్లే యగును. చలికి వణకుచున్నవాడు తాను భయమువలన వణకుచున్నాననుకొనును. అనుకొనినంతనే నిజముగా భయము పుట్టును. కావున భయము తోచినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న "నాకు చలి వేయుచున్నదా?" అని. బండి ప్రక్కకు నిలిపి, ఒక టీ త్రాగి, పది అడుగులు నడిచినపిమ్మట భయములో సగము కనబడకపోవుట నేనెఱుగుదును.

ఇక తాళ్ళను గూర్చి చెప్పవలెను. ఒకమాఱు క్రింద పడినవానిని పట్టుకొను భయము ఇట్టిది. ఇక్కడ నా యనుభవము కొంత చెప్పక తప్పదు. నేను ఉద్యోగరీత్యా ఏండ్ల తరబడి కంఠేశ్వర్ నుండి బోధను వైపు పోవుచున్నవాడను. ఒక మార్గశిర మాసమున, ఎడపల్లి దాటిన పిమ్మట, నెమ్మదిగనే పోవుచుండగా ఎదుట వచ్చు లారీ వెలుగు కన్నులను కప్పినది. ఆ క్షణముననే ముందు చక్రము ఒక వడ్ల కుప్ప చుట్టునున్న రాతి నెక్కినది. పడితిని. వేగము తక్కువగుటచేతను, తలకు హెల్మెట్టు ఉండుటచేతను, మోకాలు చీరుకొని మణికట్టు బెణకుటతో పోయినది. పది దినములలో గాయము మానెను. భయము మానలేదు. బండి తాళపుచెవి చేత పట్టగానే అఱచేయి చెమర్చెడిది. పట్టపగలు చెట్టునీడ బాటపై నల్లగా పడినను అది కుప్ప యని గుండె ఝల్లుమనెడిది. బస్సుపై పోవ మొదలిడితిని. మొదటి గంట దాటిన పిమ్మట గాని బడికి చేరలేకపోయితిని. చలికాలము ముగియువఱకు ఇట్లే యున్నచో ఆ తరువాతను బండి ఎక్కజాలనని నాకు తెలియవచ్చినది.

అప్పుడు నాకు దారి చూపినది అమెరికాలో జరిగిన ఒక పాత ప్రయోగము. 1924లో మేరీ కవర్ జోన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు పీటరు అను చిన్న బాలునికి కుందేలన్న భయమును పోగొట్టిన విధమును ప్రకటించెను. ఆమె ఆ పిల్లవానిని మందలింపలేదు, ధైర్యము చెప్పలేదు. వాడు ఇష్టమైనది తినుచుండగా పంజరములోని కుందేలును దూరముగా పెట్టించెను. వాడు నెమ్మదిగా నున్నంతసేపే దానిని కొంచెము కొంచెముగా దగ్గఱకు తెచ్చుచుండెను. తుదకు వాడు దానిని చేతితో నిమిరెను. మన గ్రామములలో ఈత నేర్పు తాతలకు ఈ సంగతి తెలియనిది కాదు. మొదటి దినముననే పిల్లవానిని లోతు బావిలో త్రోయువాడు ఈతకన్న ముందు నీటి భయమును నేర్పును.

నేనును అట్లే చేసితిని. మొదట రెండు దినములు బండి స్టాండుపై నుండగనే ఎక్కి కూర్చుండి, ఇంజను వేసి, గుండె దడ తగ్గువఱకు దిగకుంటిని. తరువాత ఎండ వేళ కంఠేశ్వర్ వీథులలో తిరిగితిని. పిమ్మట ఆదివారము తొమ్మిది గంటలకు జానకంపేట వఱకు, మఱుసటి వారము ఎనిమిదింటికి ఎడపల్లి వఱకు, ఆపై ఏడింటికి. తెల్లవాఱుజామున పోయిన మొదటి దినము ఒక మిత్రుని బండి ఎఱ్ఱదీపమును వెంబడించి పోతిని. ఏ మెట్టునను దడ తగ్గనిదే పై మెట్టు ఎక్కలేదు. దడ తగ్గకమునుపే వెనుదిరుగనులేదు. ఏలయన భయము శిఖరమున నుండగా పాఱిపోయినచో, పాఱిపోవుటవలననే బ్రతికితినని మనస్సు నేర్చుకొనును. అయిదు వారములు పట్టెను. నడుమ ఒకనాడు పడిన చోటనే బండి నిలిపి ఎండలో చూచితిని. తిన్నని బాట, ఒక కల్వర్టు, ఒక వేపచెట్టు. అంతే. అక్కడ తాడు తాడుగా కనబడినది. అదే దినమున, ఆ బాటలో కుప్పలు పోయు తావులు ఎక్కడెక్కడ కలవో లెక్కించుకొంటిని. అవి నేటికిని పాములే. అక్కడ నేటికిని వేగము తగ్గింతును.

ఏది పాము, ఏది తాడు అని తెలిసికొనుటకు బాటపై ఒక సులభమైన పరీక్ష కలదు. భయము తోచినపుడు వేగము తగ్గించి చూడుడు. వేగముతోపాటు భయమును తగ్గినచో అది నిజమైన ఆపదను గూర్చిన హెచ్చరిక. ఆ తగ్గిన వేగముననే పొండు. సురక్షితమైన చోట బండి ఆపి, నేలపై కాలు మోపి, ఒడలు వెచ్చజేసికొనినను దడ తగ్గనిచో అది మనస్సులో మిగిలిన పాత గాయము. దానికి మందు మెట్టు మెట్టుగా చేయు అభ్యాసము. పరిహాసము దానికి మందు కాదు. మద్యము అసలే కాదు. చలికి వెచ్చదనమని ఒక గుక్క పుచ్చుకొనువారు కలరు. అది చర్మమునకు వెచ్చగా తోపించి లోపలి వేడిమిని పోగొట్టును. భయముతోపాటు వివేకమును కూడ పోగొట్టును.

మా కంఠేశ్వరుడు విషమును మ్రింగలేదు, ఉమియలేదు, కంఠమున నిలుపుకొనెను. భయమును మ్రింగినవాడు బిగిసిపోవును. ఉమిసినవాడు మంచులో 60 వేగమున పోవును. దానిని ఎఱుకతో నిలుపుకొని నడచువాడు ఇల్లు చేరును.

తుదిగా ఇంటివారికి ఒక మాట. తెల్లవాఱుజామున బయలుదేఱువానితో "త్వరగా పో, ఆలస్యమగును" అనకుడు. ఒక అరగంట ముందుగా లేపుడు. మంచు విచ్చలేదని అతడు వెనుకకు వచ్చినచో నవ్వకుడు. పని యిచ్చువారును పొగమంచు దట్టముగా నున్న దినములలో ఒక అరగంట ఆలస్యమును మన్నింపవలెను. మా బాటలలో ఎనిమిది గంటల ఎండకు సాధారణముగా మంచు విచ్చును. అంతవఱకు టీ కొట్టు దగ్గఱ చేతులు కాచుకొనుచు నిలిచినవాడు కాలమును వృథాపఱచినవాడు కాడు.